గుంత సంగతి సరే, అంచు సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకుల గారికి నమస్కారమండి.

పోయిన వానాకాలంలో మీ పేపర్ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. రోడ్డు గుంతలో నీళ్ళు నిలిస్తే మా పక్క ఊరి కుర్రాళ్ళు అందులోకి దిగి వరి నాట్లు వేస్తున్నారు. బాగుంది, నవ్వొచ్చింది, మా మనవడు వాట్సాప్‌లో కూడా పంపించాడు. పది రోజులకి ఆ గుంత పూడ్చారు, అదీ నిజమే. అయితే ఆ ఫొటోలోనే కుర్రాళ్ళ వెనకాల ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. తారు అంచున మట్టి జారిపోయి జానెడు మెట్టు పడింది, దాని పక్కన బారెడు గట్టు, ఆ పక్కనే కాలవ. గుంత పూడ్చడానికి వచ్చినవాళ్ళు దాని జోలికి పోలేదు. నిన్న సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళి చూసొచ్చాను, అలాగే ఉంది, ఇంకాస్త లోతైంది కూడా.

నేను ముప్పయ్యేళ్ళు రోడ్ల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఏ శాఖ, ఏ సెక్షన్ అనేది ఇక్కడ అనవసరం. ఇంజినీరుని కాను, కానీ ఈ కోనసీమ గట్టు రోడ్ల మీద సైకిలు తొక్కీ తొక్కీ ఎక్కడ ఏ తూము ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎవరినో తిట్టాలని రాయడం లేదు, పంచాయతీ కార్యదర్శులో సర్పంచులో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజినీర్లో ఎవరైనా చదివితే పనికొస్తుందని రాస్తున్నాను. ఇప్పుడే ఎందుకంటే కాలవలకి నీళ్ళు కట్టేశారు. జూన్ మొదట్లో మళ్ళీ నీళ్ళు వదిలేలోపు దొరికే ఈ కొద్ది రోజులే మన డెల్టాలో రోడ్డు కింది పని, అంచు పని చేయడానికి వీలున్న రోజులు. నీళ్ళొచ్చాక చేసేదంతా పైపూతే.

మన రోడ్లు ఎలా పుట్టాయో కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర కట్టించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాలవలు తవ్విన మట్టే గట్లయింది, ఆ గట్ల మీద పడవలు లాగేవాళ్ళు నడిచారు, తర్వాత ఎడ్లబళ్ళు తిరిగాయి, ఎప్పటికో కంకర పడింది, కంకర మీద తారు పడింది. అంటే వీటిలో చాలా రోడ్లు ఎవరో కూర్చుని బండ్ల కోసం గీసినవి కావు, కాలవ ఎటు తిరిగితే రోడ్డు అటు తిరుగుతుంది. మెరక ప్రాంతంలో రోడ్డు పక్కన పొలమో పుంతో ఉంటుంది, చక్రం దిగినా ఒళ్ళు కుదుపుతో సరిపోతుంది. మనకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క మురుగు కాలవ, అది లేకపోతే చేపల చెరువు. దానికి తోడు కింద బంకమట్టి, ఎండకి బీటలు తీస్తుంది, వానకి ఉబ్బుతుంది. రోడ్డు నడుమ తారు కప్పి ఉంటుంది కాబట్టి అక్కడ తేమ పెద్దగా మారదు, ఈ ఉబ్బడం ముడుచుకోవడం అంతా అంచునే జరుగుతుంది. అందుకే మన రోడ్లకి చీలిక ముందు అంచుకి ఒక అడుగు లోపల, నిలువునా, తాడు పరిచినట్టు కనిపిస్తుంది.

ఇక అంచు మనిషిని ఎలా చంపుతుందో చెబుతాను, ఎందుకంటే మీ విలేకరులు కూడా ఇది సరిగ్గా రాయడం లేదు. మామూలు పల్లె రోడ్డు తారు వెడల్పు 3.75 మీటర్లు, పన్నెండడుగుల పైచిలుకు. ఎదురుగా లారీ వస్తే అదే ఎనిమిదడుగుల పైన మింగేస్తుంది. మిగిలిన దాంట్లో ఆటో పట్టదు, ఒక చక్రం మట్టిలోకి దింపాల్సిందే. మట్టి తారుతో సమానంగా ఉంటే ఫర్వాలేదు. మెట్టు ఉంటే దిగడం తేలికే, ఎక్కడంలోనే వస్తుంది తంటా. టైరు పక్క భాగం తారు అంచుకి రాసుకుంటూ ఎక్కనంటుంది, డ్రైవరు స్టీరింగ్ ఇంకాస్త తిప్పుతాడు, ఎక్కదు, ఇంకాస్త తిప్పుతాడు, ఉన్నట్టుండి టైరు పైకెక్కుతుంది, అంతసేపూ తిప్పిన తిప్పుడంతా ఒక్కసారే పనిచేసి బండి రోడ్డుకి అడ్డంగా అవతలికి దూకేస్తుంది. అవతల చెరువో, ఎదురొచ్చే మోటార్ సైకిలో. మర్నాడు పేపర్లో "అదుపు తప్పి కాలవలోకి దూసుకెళ్ళిన ఆటో" అని వస్తుంది. అదుపు ఎందుకు తప్పిందో ఆ వార్తలో ఉండదు. డ్రైవరు తాగాడేమో, నిద్రపోయాడేమో అని చదివినవాళ్ళు అనుకుంటారు. ఒక్కసారి మీ విలేకరిని స్కేలు పట్టుకెళ్ళి అక్కడి అంచు మెట్టు కొలిచి రమ్మనండి, రెండంగుళాలు దాటిందంటే డ్రైవరు కన్నా ముందు అడగాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.

నాకే జరిగింది. రిటైరయ్యాక, మూడేళ్ళ కింద. ఊళ్ళో సీసీ రోడ్డు వేశారు, ఆరంగుళాల మందం, పక్కల మట్టి పోయలేదు. సాయంత్రం చీకటి పడే వేళ స్కూటర్ మీద వస్తూ గేదె అడ్డొస్తే పక్కకి తీశాను, ముందు చక్రం దిగింది, నేను గేదె దగ్గరే పడ్డాను. కాలర్ బోను విరిగి మూడు నెలలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాను. మంచం మీద పడుకుని నాకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, నేను కూడా సర్వీసులో ఇలాంటివి ఎన్నో పాస్ చేసి ఉంటాను కదా అని. పక్క మట్టి ఐటెం ఎస్టిమేట్‌లో ఉంటుందండి, చేసిన పని కొలతలు రాసే ఎం బుక్‌లో కూడా ఎక్కుతుంది, రోడ్డు పక్కకే ఎక్కదు. ఏ రోడ్డైనా, పక్కలు రోడ్డుతో సమంగా కూరకుండా పని పూర్తయిందని సంతకం పెట్టకూడదు. పాత తారు మీద కొత్త తారు వేసినప్పుడు కూడా అంతే, పైన రెండంగుళాలు పెరిగిందంటే పక్కన రెండంగుళాల మెట్టు పుట్టినట్టే.

మా రెండో అమ్మాయి వాళ్ళు అమెరికాలో ఉంటారు, అక్కడ ఆరు నెలలు ఉన్నప్పుడు నేను గుళ్ళూ గోపురాలూ కాకుండా రోడ్ల అంచులు చూస్తుంటే మా అల్లుడుగారు నవ్వేవారు. అక్కడ కొత్తగా తారు వేసేటప్పుడే అంచుని నిటారుగా వదలకుండా ముప్పై డిగ్రీల వాలుగా అణుస్తారు, దాన్ని సేఫ్టీ ఎడ్జ్ అంటారు, తారు పరిచే యంత్రానికి ఒక రేకు లాంటిది బిగిస్తే చాలు. మట్టి కొట్టుకుపోయినా టైరు ఆ వాలు మీదుగా నెమ్మదిగా ఎక్కేస్తుంది. అక్కడ చిన్న కౌంటీలో రోడ్లు చూసుకునే పదిమందికి కూడా ఇలాంటివి నేర్పడానికి ప్రతి రాష్ట్రంలో ఒక శిక్షణ కేంద్రం ఉంది. అమెరికా గొప్ప చెప్పడానికి కాదు, ఆ రేకు ఖర్చు మనకి భారం కాదని చెప్పడానికి.

బెర్ముల మట్టి, అంటే తారుకి రెండు పక్కలా ఉండే మట్టి అంచుల గురించి ఒక మాట. మనకి గ్రావెల్ మెరక నించి రావాలి, కిరాయి ఎక్కువ, అందుకని పక్క చెరువులోదో కాలవలోదో బంకమట్టి తీసి పోసేస్తారు. ఒక్క వానకి అది జారి మళ్ళీ కాలవలోకే పోతుంది, ఈలోగా పైన జారుడు పాకం. బెర్ముకి గ్రావెలే కావాలి, పొరలు పొరలుగా వేసి తడిపి రోలరు తొక్కించాలి, రోడ్డు నించి బయటికి మీటరుకి నాలుగైదు సెంటీమీటర్ల వాలు ఉండాలి. దీనికి తలకిందులు జబ్బు ఇంకోటుంది, కొన్నిచోట్ల బెర్ము రోడ్డు కన్నా ఎత్తు పెరిగి గడ్డి పట్టి ఉంటుంది, వాన నీరు బయటికి పోలేక తారు అంచునే నిలబడి దాన్ని నానబెట్టి తినేస్తుంది. అక్కడ పోయడం కాదు, చెక్కాలి. పలుగూ పారా ఉన్న నలుగురు కూలీలు చేసే పని ఇది, దీనికి టెండరు ఎందుకండీ. వెనకటి రోజుల్లో గ్యాంగ్ కూలీలు ఇదే పని మీద ఉండేవారు, ఎవరి ముక్క వారిది. వాళ్ళు రిటైరయ్యారు, ఆ పోస్టులు మళ్ళీ నిండలేదు, రోడ్డు మీద రోజూ కన్ను వేసేవాడు లేకుండా పోయాడు.

ఇప్పుడు కాలవలు కట్టేసినప్పుడే ఎందుకు అంటున్నానో చెబుతాను. నీళ్ళున్నంతకాలం కాలవ నీరే గట్టుని లోపలి నించి ఆనుకుని నిలబెడుతుంది. నీళ్ళు గబగబా తగ్గిపోతే గట్టులో పీల్చుకున్న తడి మాత్రం అలాగే ఉంటుంది, బయట ఆసరా పోతుంది, బరువుకి గట్టు ముక్కలుగా జారుతుంది. రొయ్యల చెరువు పట్టుబడికి నీళ్ళు తోడేసినప్పుడు పక్క రోడ్డు కుంగేది కూడా ఇందుకే, భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. కాబట్టి కాలవ కట్టిన మొదటి పది పదిహేను రోజులు గట్టు రోడ్డంతా నడిచి చూడాలి. బైకు మీద కాదు, నడిచి. వెళ్ళేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు ఒక పక్క. పూడిక తీసేవాళ్ళు తీసిన మట్టీ గుర్రపుడెక్కా తెచ్చి రోడ్డు అంచునే పోస్తారు, అది ఎండేదాకా జారుడు, ఎండాక అంచు ఎక్కడుందో తెలియనివ్వదు. పొద్దున పోస్తే సాయంత్రానికి ఎత్తించాలని పని అప్పగించేటప్పుడే కాగితం మీద రాయించుకోవాలి.

కాగితం అంటే గుర్తొచ్చింది. అసలు గొడవంతా ఎవరిది ఏమిటన్న దగ్గర ఆగిపోతుంది. రోడ్డు పంచాయతీరాజ్‌ది, గట్టు జలవనరుల శాఖది, స్తంభం కరెంటు వాళ్ళది, తవ్వినది కుళాయి పైపుల వాళ్ళు, చెరువు ఆసామిది, చెట్టు ఎవరిదో మాత్రం అది పడిపోయాక కొట్టి తీసుకుపోయేవాళ్ళని బట్టి తెలుస్తుంది. పంచాయతీ చేతిలో డబ్బుండదు, నాకు తెలుసు. కానీ ఒక వంద పేజీల నోటుబుక్కు కొనగలదు కదా. ఏ తారీఖున, ఏ కిలోమీటరు రాయి దగ్గర లేక ఎవరి తోట ఎదురుగా, ఏమి చూశారు, ఎవరు చెప్పారు, ఆ రోజు ఏం చేశారు, ఎవరికి రాశారు, ఎప్పుడు బాగైంది. ఫోనుతో ఫొటో. అంతే. చూసినవన్నీ ఒకేసారి చేయలేం కాబట్టి నేను మా వాళ్ళకి చెప్పేది మూడు మాటలు: చంపేది, పడేసేది, విసిగించేది. కాలవ మలుపులో కూలిన అంచు చంపేది, దానికి ఆ రోజే ఏదో ఒకటి చెయ్యాలి. సీసీ మెట్టు, వదులైన కంకర పడేసేవి, ఆ వారంలో చూడాలి. గతుకులు విసిగిస్తాయి, అవి సీజన్‌లో చూసుకోవచ్చు. మనం చేసేది సరిగ్గా తలకిందులు, ఎందుకంటే విసిగించే దాని మీదే ఫోన్లు వస్తాయి, ఫొటోలు వస్తాయి. చంపేదాని మీద చచ్చినవాడు ఫోను చెయ్యడు.

నోటుబుక్కు ఎందుకు అని పెదవి విరిచేవాళ్ళ కోసం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా వికలాంగులైనా ఆ రోడ్డు బాధ్యత ఉన్న అధికారికి గానీ కాంట్రాక్టరుకి గానీ లక్ష రూపాయల దాకా జరిమానా. ఎక్కువమంది లక్ష దగ్గరే చదవడం ఆపేస్తారు, దాని తర్వాతది అసలు విషయం. కోర్టు ఏమేం చూడాలో అందులో రాసి ఉంది: ఆ చోటు ప్రమాదకరమని వాళ్ళకి తెలుసా, లేక తెలిసి ఉండాల్సిందా, అప్పటికి బాగుచేయడం సాధ్యం కాదనుకుంటే హెచ్చరిక ఏదైనా పెట్టారా. చూశారా, తెలియదు అనడం సాకు కాదు, డబ్బులు రాలేదు అన్నా బోర్డు పెట్టావా అని అడుగుతారు. రోజూ తిరిగి చూసి రాసి, ఎర్ర గుడ్డ కట్టి, పైకి ఉత్తరం పెట్టిన కార్యదర్శికి ఆ పుస్తకమే గొడుగు. రాయనివాడికి ఏ గొడుగూ లేదు. రాస్తే ఇరుక్కుంటామని నా సర్వీసంతా పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను, చట్టం మటుకు వేరేగా చెబుతోంది.

నోటుబుక్కు లేక నేను పడ్డ అవస్థ ఒకటి చెప్పుకోవాలి. ఒక చిన్న తూము మీద రోడ్డు కాస్త కుంగింది. కంకర పోసి తారు వేయించాను. ఆరు నెలలకి మళ్ళీ కుంగింది, మళ్ళీ పోయించాను, మొదటిసారి ఎప్పుడు చేశామో కూడా గుర్తులేదు, ఎక్కడా రాయలేదు. మూడోసారి కంకర దింపిస్తుంటే పాలకేంద్రానికి వెళ్ళే ముసలాయన సైకిలాపి, "నీళ్ళు తూములోంచి కాదండి బాబూ, తూము పక్కనించి పోతున్నాయి, నేను రోజూ చూస్తున్నాను" అన్నాడు. విని ఊరుకున్నాను, కుర్రతనం. ఆ సీజన్లోనే గడ్డి ట్రాక్టరు వెనక చక్రాలు రెండూ రోడ్డులోకి దిగిపోయాయి. కింద గదంత గొయ్యి, తూముకి రెండు పక్కలా మట్టి కొట్టుకుపోయి పైన తారు పెంకు మిగిలింది. గడ్డి ట్రాక్టరు కాబట్టి సరిపోయింది, అదే వేళకి ఆ దారిన స్కూలు ఆటో వస్తుంది. ఒకే చోట రెండోసారి కుంగిందంటే రోగం పైన లేదని అర్థం, ఇంక తారు ముట్టుకోకూడదు, కాలవ కట్టినప్పుడు దిగి టార్చి వేసి చూడాలి. ఇది తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది, నోటుబుక్కు ఉన్నవాడికి ఆరు నెలలు చాలు.

గుంతల గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పేదే. ఇటుక ముక్కలూ మట్టీ పోయడం మానేయండి, అవి పొడై ఎండలో దుమ్ము, వానలో బురద. గుంత చుట్టూ నాలుగు పలకలుగా నిటారుగా కోసి, లోపల ఊడ్చి ఆరనిచ్చి, తారు పూసి, మిశ్రమం వేసి గట్టిగా దిమ్మిస వేయాలి. వానల్లో అయితే వేడి చేయకుండానే వేసే తారు మిశ్రమం, కోల్డ్ మిక్స్ సంచులు దొరుకుతున్నాయి.

స్పీడ్ బ్రేకర్లు కూడా అంతే, ఒక ప్రమాదం జరగ్గానే ఊరంతా కలిసి రాత్రికి రాత్రి సిమెంటుతో గోడ కట్టేస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మనవాళ్ళు కట్టేది వెడల్పు అడుగున్నర, ఎత్తు దూడంత. గర్భిణిని ఆస్పత్రికి తీసుకెళ్ళే ఆటో కూడా దాని మీదుగానే పోవాలని ఎవరికీ గుర్తుండదు.

రాత్రి సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మీరు ఏ అధికారినైనా అడగండి, తన రోడ్డుని రాత్రి ఎనిమిది తర్వాత ఎప్పుడు చూశారని. ఏడాదికి రెండుసార్లయినా చీకట్లో, ఒకసారి మంచులో తిరిగి చూస్తే చాలు, బోర్డులేవి కనపడుతున్నాయో మలుపులేవి కనపడటం లేదో ఎవరూ చెప్పక్కర్లేదు. సంక్రాంతికి హైదరాబాద్ నించి వచ్చే కార్లు భోగినాడు తెల్లవారుజామున మన గట్ల మీదకి వస్తాయి, పది గజాల ముందు ఏముందో తెలియని మంచు, ఫోనులో మ్యాపు నేరుగా పొమ్మంటుంది, కాలవ పక్కకి తిరుగుతుంది. కాలవ పొడుగునా రెయిలింగ్ వేయడమంటే కోట్లు, అది ఇప్పట్లో కాదు. కానీ మలుపు బయటి పక్కన గార్డు రాళ్ళు పాతి, తెలుపూ నలుపూ రంగు వేసి, ఒక్కో దానికి జానెడు రేడియం స్టిక్కర్ అంటించడానికి ఎంతవుతుంది? అంచున ఉన్న కొబ్బరి చెట్లకీ నిద్రగన్నేరు చెట్లకీ కూడా అదే రేడియం. ఒక్క జాగ్రత్త, గార్డు రాయి బండిని ఆపదు, అంచు ఎక్కడుందో చూపిస్తుంది అంతే. బండి నిజంగా పడిపోయే లోతైన మలుపుల్లో, స్కూళ్ళ దగ్గర, లాకుల దగ్గర మాత్రం ఇనప రెయిలింగే కావాలి. ఆ నాలుగైదు చోట్లకైనా అడగండి.

ఇక్కడే ఇంకో చిక్కు. పెద్ద రోడ్ల మీద బ్లాక్ స్పాట్ అని లెక్క ఉంది, అర కిలోమీటరు ముక్కలో మూడేళ్ళలో ఐదు తీవ్ర ప్రమాదాలు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. హైవేకి సరే. మన గట్టు రోడ్డు మీద ఏటా ఒకరో ఇద్దరో పోతారు, ఒకసారి ఈ మలుపు, ఇంకోసారి ఆ మలుపు, ఏ ముక్కకీ ఐదు లెక్క రాదు. సగం పోలీసు స్టేషన్ దాకా కూడా వెళ్ళవు, పెద్దమనుషుల్లో తేలిపోతాయి. మరి ఐదుగురు ఒకే చోట పోయేదాకా ఆగుదామా? ఒక మలుపులో ఒక ప్రమాదం జరిగితే అలాంటి మలుపులు మండలంలో ఎన్నున్నాయో రాసుకుని అన్నిటికీ ఒకే మందు వేయాలి. సుప్రీంకోర్టు 2017 నవంబరులో ప్రతి జిల్లాలో రోడ్డు భద్రత కమిటీ ఉండాలని చెప్పింది, కలెక్టరు గారే అధ్యక్షులు. పంచాయతీ నోటుబుక్కులో పేజీలు ఆ మీటింగు బల్ల మీదకి వెళితే, రోడ్డు శాఖా గట్టు శాఖా కరెంటు వాళ్ళూ ఒకే గదిలో ఉంటారు కాబట్టి అది మాది కాదని అనడానికి మొహం చాలదు.

రోడ్డు తవ్వినప్పటి సంగతి. ఇంటింటికీ కుళాయి పైపుల కోసం రోడ్డు కోస్తారు, మట్టి కప్పేసి వెళ్ళిపోతారు, వానకి అది దిగి అడ్డంగా కాలవ పడుతుంది. పని నడిచేటప్పుడు నాలుగు రాళ్ళు పెడతారు, పని అయ్యాక రాళ్ళు అక్కడే ఉంటాయి, రాత్రి ఎవరో ఒకరు వాటికే తగులుకుంటారు. మన ఊళ్ళల్లో జనం తెలివైనవాళ్ళండి, గొయ్యి కనపడితే ఒక కొబ్బరి మట్ట తెచ్చి నిలబెట్టి ఎర్ర గుడ్డ కడతారు. ఏ శాఖ మాన్యువల్ చదవని మనిషి కట్టిన హెచ్చరిక బోర్డు అది. నాకు చాలా ఇష్టం దాన్ని చూస్తే, సిగ్గుగానూ ఉంటుంది. ఊళ్ళో కొబ్బరి మట్ట నిలబడి ఉన్న ప్రతిచోటూ మనవాళ్ళ నోటుబుక్కులో ఉండాల్సిన చోటే. అది ఎండి రాలేలోపు అక్కడ నిజమైన బారికేడ్, రాత్రి మెరిసే టేపు రావాలి.

రైతుల మాట కూడా దాటవేయను. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు ధాన్యం రోడ్డు మీద పోస్తారు, తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రం దగ్గర పేచీ, కళ్ళాలు లేవు, ఎక్కడ పొయ్యాలి మరి. పోయొద్దనే మొహం నాకు లేదు. కానీ రాశి చుట్టూ పెట్టే బండరాళ్ళు, నల్ల బరకాలు చీకటి పడ్డాక ప్రాణాలు తీస్తున్నాయి. ఒక్క పక్కనే పొయ్యాలి, మలుపులో పొయ్యకూడదు, రాళ్ళ బదులు ఇసక మూటలు పెట్టుకోవాలి, ఎత్తిన రోజే అన్నీ తీసేయాలి, ఇంతవరకు పంచాయతీ దండోరా వేస్తే రైతులు వింటారు. దమ్ము చక్రాల ట్రాక్టర్లు మాత్రం వేరే కథ. ఇనప చక్రాలతో తారు మీద కిలోమీటరు నడిపితే అంచు మొత్తం పళ్ళతో కొరికినట్టు అవుతుంది. చక్రాలు మార్చుకోవడానికి బద్ధకం తప్ప కారణం లేదు, పొలం గట్టు దగ్గరే మార్చుకోవాలి. దీని మీద జరిమానా వేయమని రైతుబిడ్డనై ఉండి కూడా అంటున్నాను.

లంకల వాళ్ళ గురించి రాయకపోతే తప్పు. కనకాయలంక, ఎదురుబిడియం కాజ్‌వేల (వరదొస్తే నీళ్ళు పైనించి పారే పల్లపు రోడ్ల) పేర్లు వరద వచ్చిన ప్రతిసారీ మీ పేపర్లోనే చదువుతుంటాం. 1986 లాంటి, 2022 జూలై లాంటి వరదల్లో ఎవరూ దాటరు, పడవలే. ప్రాణాలు పోయేది మోకాలి లోతు నీళ్ళప్పుడు, నాకు అలవాటేలే అని బండి దింపేటప్పుడు. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారుని నెట్టేస్తుంది, రెండడుగులుంటే పెద్ద బండ్లనీ లేపేస్తుంది. కాజ్‌వేకి రెండు చివర్లా అడుగుల లెక్క గీసిన స్తంభం, అంచులు తెలిసేలా మనిషెత్తు గుంజలు, తాళం వేసే గేటు, ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆ మనిషి పేరూ ఫోను నంబరూ గోడ మీద. ఇంతే అడుగుతున్నాం. నీళ్ళు తీశాక కూడా వెంటనే గేటు తీయకూడదు, కింద మట్టి ఉందో పోయిందో గునపంతో పొడిచి చూసి, ముందు మనుషుల్ని, తర్వాత బైకుల్ని, చివరికి లారీల్ని వదలాలి.

ఉత్తరం పొడుగైంది, మీరు సగం కోసేస్తారని తెలుసు. కోస్తే గుంతలది, స్పీడ్ బ్రేకర్లది కొయ్యండి, అంచుది మాత్రం ఉంచండి.

ఒక్క కోరిక. ఆ నాట్ల ఫొటో తీసిన మీ ఫొటోగ్రాఫర్ గారిని కాలవకి నీళ్ళు వదిలే ముందురోజు మళ్ళీ అదే చోటికి పంపించండి. ఈసారి కుర్రాళ్ళు ఉండరు, నాట్లూ ఉండవు, కెమెరా కాస్త కిందకి దించి అంచు తీయమనండి. స్కేలు నేను పట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
కోనసీమ